మీ వీధిలో మీరు ఎప్పుడైనా నడిచారా?

రోగిని ఇంటికి పంపే రోజున వార్డులో ఉండే హడావిడి మీకు తెలిసిందే. ఒకరు బిల్లు కట్టడానికి వెళతారు, ఒకరు మందులు తేవడానికి వెళతారు, ఇంకొకరు గేటు దగ్గర ఆటో మాట్లాడుతుంటారు. ఆ హడావిడిలోనే మేము డిశ్చార్జి కాగితం మీకు చదివి వినిపిస్తాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అని మీరు శ్రద్ధగా అడుగుతారు. వంకాయ పెట్టవచ్చా, రాత్రిపూట పెరుగు పెట్టవచ్చా అని కూడా అడుగుతారు. కాగితం చివర ఒక చిన్న మాట ఉంటుంది: "రోజూ నడవాలి". ఆ మాట దగ్గర అందరూ తల ఊపుతారు. ఎక్కడ నడవాలి, ఎలా నడవాలి అని నన్ను అడిగినవారు మాత్రం ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలా తక్కువ.

నెల తర్వాత మీరు మళ్ళీ వచ్చినప్పుడు, "నడుస్తున్నారా?" అని అడుగుతాము. "నాలుగు రోజులు నడిచాం సిస్టరు గారూ, తర్వాత కుదరలేదు" అంటారు. పార్కు దూరమని ఒకరు, కుక్కల భయమని ఒకరు, విసుగు పుట్టిందని ఒకరు చెబుతారు. నేను ఎవరినీ కోప్పడను. ఎందుకంటే నేనూ ఒకప్పుడు మీలాగే ఉన్నాను.

ఈ వ్యాసంలో మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నడకకు పార్కు అక్కరలేదు. మీ ఇంటి ముందు వీధి చాలు. ఆ వీధిని చూస్తూ, తెలుసుకుంటూ నడిస్తే నడకలో విసుగు ఉండదు. అంతేకాదు, మీరు తెలుసుకున్న వీధి ఆపద సమయంలో మీకు అక్కరకు వస్తుంది.

నడక వలన శరీరానికి మేలు ఏమిటి?

1953లో లండనులో డాక్టర్ జెరెమీ మారిస్, ఆయన తోటి వైద్యులు కలిసి బస్సులలో పనిచేసేవారి ఆరోగ్యం గురించి ఒక పరిశీలనను ప్రచురించారు. అక్కడి బస్సులకు రెండు అంతస్తులు ఉండేవి. డ్రైవరు పని ఉన్నంతసేపూ కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగేవారే. అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా, డ్రైవర్లలో ఎక్కువగా కనబడింది. శరీరాన్ని కదిలించడానికీ గుండె ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని వైద్యులు గట్టిగా పట్టించుకోవడం ఇటువంటి పరిశీలనలతోనే మొదలైంది.

నడిచినప్పుడు మన పిక్కల కండరాలు బిగుస్తూ, వదులవుతూ ఉంటాయి. అలా బిగిసినప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని పైకి, గుండె వైపుకు నెడతాయి. అందుకే గంటల తరబడి కూర్చున్నవారికి పాదాలు వాస్తాయి, నడిచేవారికి ఆ వాపు తగ్గుతుంది. కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను తీసుకుని ఖర్చు చేస్తాయి. కావున షుగరు వ్యాధి ఉన్నవారు భోజనం చేసిన కొద్దిసేపటికి 10 నుండి 15 నిమిషాలు మెల్లగా నడిస్తే, తిన్న తర్వాత షుగరు ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. ముఖ్యంగా రాత్రి భోజనం చేసి వెంటనే పడుకునే అలవాటు ఉన్నవారికి ఇది చాలా మేలు చేస్తుంది. భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది. అంటే ఈ సలహా అవసరం లేని వీధి ఉండదు.

ఎంత నడవాలి? పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శరీరానికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. ఆ 30 నిమిషాలూ ఒకేసారి నడవాలని లేదు. ఉదయం పది, మధ్యాహ్నం పది, రాత్రి పది అయినా ఫరవాలేదు.

"రోజుకు పదివేల అడుగులు వేయాలట కదా" అని చాలామంది భయపడతారు. ఆ లెక్క డాక్టర్లు రాసిన మందు మోతాదు కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దానికి "పదివేల అడుగుల మీటరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ అంకె అక్కడి నుండి ప్రపంచమంతా పాకింది. పదివేలు నడవగలిగినవారు నడవండి. నడవలేనివారు రెండువేలు నడిచినా, అసలు నడవకపోవడం కంటే ఎంతో మేలు.

మా ఇంట్లో జరిగిన సంగతి

మేము గుంటూరులో ఉంటాము. గుంటూరు తెలిసినవారికి బ్రాడీపేట, అరండల్‌పేట తెలుసు. అక్కడ వీధులకు నంబర్లు ఉంటాయి. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే కొత్తవారు కూడా వెతుక్కుంటూ రాగలరు. మా ఇల్లు ఆ పేటలలో కాదు, ఊరి చివర కొత్తగా వచ్చిన కాలనీలో. మాకు లైన్లు లేవు, అడ్డరోడ్లకు నంబర్లు లేవు. అన్నీ ఒకేలాంటి సందులు.

ఆ కాలనీకి వెళ్ళి తొమ్మిదేళ్ళు అయినా నాకు మా సందు తెలియదు. నమ్మండి. డ్యూటీకి వెళ్ళేటప్పుడు గేటు ముందు బండి ఎక్కేదాన్ని, వచ్చి గేటు ముందే దిగేదాన్ని. నైటు డ్యూటీ అయితే పగలంతా నిద్ర. ఎదురింటివారిని చూసి నవ్వడమే తప్ప వారి పేర్లు తెలియవు. మా మామయ్యగారు తెనాలి దగ్గర పల్లెటూరిలో వ్యవసాయం చేసిన మనిషి. అత్తయ్యగారు పోయిన తర్వాత మా దగ్గరకు వచ్చేశారు. పొలం లేదు, తెలిసినవారు లేరు. ఆయన కూడా టీవీ ముందు కుర్చీకి అతుక్కుపోయారు.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు మంచినీళ్ళకని లేచి, గ్లాసు పట్టుకోలేక వదిలేశారు. చప్పుడుకు వెళ్ళి చూశాను. మూతి ఒక పక్కకు వంగింది, కుడి చేయి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. పక్షవాతమని నాకు వెంటనే అర్థమైంది. వెంటనే 108కి ఫోను చేశాము. ఈ సర్వీసు మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. ఎంతోమందిని కాపాడింది. ఫోనులో అమ్మాయి చక్కగా అడిగింది, "మీ ఇంటికి దగ్గర గుర్తు ఏమిటండీ?" అని.

నాకు చెప్పడానికి గుర్తు లేదు. "నీలం రంగు గేటు" అన్నాను. రాత్రి రెండు గంటలకు నీలం ఏమిటి, నలుపు ఏమిటి? "వాటరు ట్యాంకు పక్కన" అన్నాను. మా కాలనీలో రెండు ట్యాంకులు ఉన్నాయని నాకు ఆ రోజు వరకు తెలియదు. అంబులెన్సు రెండో ట్యాంకు దగ్గరకు వెళ్ళి ఆగింది. మా వారు పరుగెత్తుకుంటూ వెళ్ళి వెతికి తీసుకువచ్చారు. తీరా మా సందు మొదట్లో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి కంకర పోశారు. బండి లోపలికి రాలేదు. మామయ్యగారిని దుప్పటిలో మోసుకుని వెళ్ళాము.

ఇరవై నిమిషాలు పోయాయి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. దానిని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. మామయ్యగారికి సమయానికే అందింది, ప్రాణానికి ముప్పు తప్పింది. కుడి చేతిలో బలహీనత మాత్రం మిగిలింది. ఆ ఇరవై నిమిషాలు కలిసి వచ్చి ఉంటే ఆ చేయి ఇంకొంచెం బాగుపడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. తప్పు అంబులెన్సువారిది కాదు. సొంత వీధి తెలియని నాది.

నలభై అడుగులతో మొదలు

ఇంటికి వచ్చిన తర్వాత మామయ్యగారిని నడిపించాలి. మొదటి రోజు మా గేటు నుండి పక్కింటి అరుగు వరకే వెళ్ళగలిగాము. లెక్కపెట్టాను, నలభై అడుగులు. అరుగు మీద కూర్చోబెట్టాను. ఆయన చుట్టూ చూసి, ఎదురుగా ఉన్న చెట్టును చూపించి, "కానుగ కదమ్మా" అన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆ చెట్టు నీడన బండి ఎక్కుతున్న నేను దాని పేరు ఏ రోజూ అడగలేదు. కానుగ ఆకును కోసి వరి మడిలో తొక్కించేవారమని, భూమికి అది మంచి ఎరువని, గింజల నూనెతో దీపాలు పెట్టేవారని చెప్పారు. జబ్బు చేసిన తర్వాత ఆయన అన్ని మాటలు వరుసగా మాట్లాడటం అదే మొదలు. మాట ముద్దగానే ఉంది. కానీ మాట్లాడాలన్న కోరిక కలిగింది.

మర్నాడు "ఆ పక్కన ఇంకో చెట్టు ఉంది, చూసి వద్దాం" అని ఆయనే లేచారు. డాక్టరు చెప్పారని కాదు, ఫిజియోథెరపీ అని కాదు, చెట్టు కోసం లేచారు. నలభై అడుగులు వారానికి నూరు అయ్యాయి. రెండు నెలలకు సందు చివరి వరకు వెళ్ళి రాగలిగారు.

దీనికి శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. 60 ఏళ్ళు దాటిన 52 మందిని రెండు గుంపులుగా చేసి, ఎనిమిది వారాల పాటు వారానికి ఒకసారి 15 నిమిషాలు నడవమన్నారు. ఒక గుంపువారికి, చుట్టూ చూస్తూ, ఆశ్చర్యం కలిగించేవి వెతుకుతూ నడవండని చెప్పారు. రెండో గుంపువారికి నడవమని మాత్రమే చెప్పారు. చూస్తూ నడిచినవారిలో సంతోషం, ఇతరుల పట్ల ఆదరం ఎక్కువగా పెరిగాయి. రోజువారీ దిగులు తగ్గింది. నడకలో తమ ఫోటోలు తామే తీసుకోమంటే, వారాలు గడిచేకొద్దీ వీరి ఫోటోలలో మనిషి బొమ్మ చిన్నదవుతూ, చుట్టూ ఉన్న ప్రపంచం పెద్దదవుతూ వచ్చిందట. నవ్వు మాత్రం విశాలమైంది. మా మామయ్యగారి సంగతిలో నేను చూసింది కూడా అదే.

చూస్తూ నడిస్తే ఏమి కనబడుతుంది?

మొదట చెట్లు కనబడతాయి. ఉగాది రోజులలో వేప పూత రాలి రోడ్డు పక్కన సన్నని ముగ్గు వేసినట్టు ఉంటుంది. రావి చెట్టు పాత ఆకు రాల్చి రాగి రంగు చిగురు వేస్తుంది. మే నెలలో ఎర్రగా పూసే తురాయి చెట్టు మనదే అనుకుంటాము, కానీ అది మడగాస్కరు దీవి నుండి వచ్చింది. నిద్రగన్నేరు ఆకులు సాయంత్రం అయ్యేసరికి ముడుచుకుని, తెల్లవారాక విచ్చుకుంటాయి. అక్టోబరు, నవంబరు నెలలలో రాత్రిపూట ఘాటైన వాసన వస్తే చుట్టుపక్కల ఏడాకుల పాల చెట్టు ఉందేమో చూడండి. ఆయాసం ఉన్నవారిలో కొందరికి ఆ వాసన పడదు. వారు ఆ రోజులలో వేరే దారిన నడవడం మంచిది. గుంటూరులో మిర్చి సీజనులో యార్డు వైపు గాలిలో వచ్చే ఘాటు కూడా అటువంటిదే.

తర్వాత పక్షులు. వేసవి మొదట్లో కోకిల కూత వింటే ఆ దగ్గరలో కాకి గూడు ఉందేమో చూడండి. కోకిల సొంతంగా గూడు కట్టదు. కాకి గూటిలో గుడ్డు పెడుతుంది, కాకే ఆ పిల్లను పెంచుతుంది. సాయంత్రం గోరింకలన్నీ ఒకే చెట్టు మీదకు చేరి పెద్ద గోల చేస్తాయి. మీ పేటలో ఆ చెట్టు ఏదో పిల్లలను వెంటబెట్టుకుని కనుక్కోండి. సెలవులలో పిల్లలను ఫోను దగ్గర నుండి లేపడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

పేర్లు కూడా చూడండి. రోజూ మనం పలికే పేర్ల వెనుక మనుషులు ఉంటారు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే అందరికీ తెలుసు. అది డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పేరు. ఆమె 1883లో అమెరికా నుండి ఇక్కడికి వచ్చారు. ఆమె కృషి వలన 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరుచుకుంది. మీ ఊరిలో కూడా చెరువుకు, బడికి, సెంటరుకు ఎవరి పేరు ఉందో పెద్దవారిని అడగండి. వారికి చెప్పడం ఇష్టం, అడిగేవారే లేరు.

అన్నిటికంటే ముఖ్యంగా మనుషులు కనబడతారు. మా సందులో మూడో ఇంటిలో తాతగారు ఒకరున్నారు. మామయ్యగారి పక్క ఊరే. ఇద్దరూ ఒకే కాలువ నీళ్ళతో వరి పండించినవారు. ఆరు నెలలుగా ఒకే సందులో ఉండి ఒకరినొకరు ఎరుగరు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ అరుగు మీద వారిద్దరి మాటలు వినాలి. ఒక్కరోజు మామయ్యగారు బయటకు రాకపోతే ఆయనే వచ్చి గేటు కొడతారు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవారికి ఇలా తలుపు తట్టే మనిషి ఉండటం ఎంత ధైర్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మామయ్యగారు రైతు కాబట్టి నీళ్ళు ఎటు పోతాయో ఆయన కన్ను ఇట్టే పసిగడుతుంది. వాన పడిన మర్నాడు, "ఈ సందు పల్లం అటు ఉంది, నీళ్ళన్నీ ఆ ఖాళీ స్థలంలో నిలుస్తాయి" అన్నారు. వెళ్ళి చూస్తే అక్కడ పాత టైర్లు, పగిలిన డ్రమ్ములు ఉన్నాయి. అన్నిటిలో నీళ్ళు, నీళ్ళలో పురుగులు. డెంగీ దోమ ఇటువంటి నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. అది పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. సందులోనివారమంతా కలిసి టైర్లు తీయించాము. ఇప్పుడు వారానికి ఒకరోజు ఎవరి ఇంటి తొట్లు, కుండీలు వారు ఒంపేసి ఆరబెట్టుకుంటున్నాము.

మీ వీధిలో తెలుసుకోవలసిన సంగతులు

ఇంటిలో రోగి ఉన్నవారు మొదటి వారం నడకలో ఈ కింది సంగతులు గమనించండి. ఒక కాగితం మీద రాసి ఫోను దగ్గర గోడకు అంటించండి.

1. మీ ఇంటికి దగ్గరలో, రాత్రిపూట కూడా కనబడే గుర్తు ఏమిటి? గుడి, చర్చి, మసీదు, బడి, ట్రాన్స్‌ఫార్మరు ఏదైనా సరే. అదే పేరుతో, అదే రకంగా ఇంకొకటి దగ్గరలో లేదని రూఢి చేసుకోండి.

2. అంబులెన్సు మీ గేటు వరకు రాగలదా? రాలేకపోతే ఎక్కడ ఆగాలి? అక్కడి నుండి మీ ఇంటికి ఎన్ని అడుగులు? ఇల్లు కట్టేవారు రోడ్డు మీద ఇసుక, కంకర పోస్తే మర్యాదగా చెప్పి దారి వదిలించండి.

3. రాత్రి ఎంతవరకు ఏ మందుల షాపు తెరిచి ఉంటుంది?

4. మీ వీధిలో ఆటో డ్రైవరు, కారు ఉన్నవారు ఎవరు? వారిని ముందే పలకరించి ఫోను నంబరు తీసుకోండి.

5. నడిచే దారిలో కూర్చోవడానికి అరుగులు, బెంచీలు, కొట్టు ముందు బల్లలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

6. మూత లేని మురుగు కాలువ, ఎత్తుపల్లాలు, వేలాడే తీగలు, దీపం లేని మలుపు ఎక్కడ ఉన్నాయి?

7. కుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటాయి? ఏ వేళలో?

ఈ ఏడు సంగతులూ ఒక్కరోజులో తెలియవు. వారం రోజులు నడిస్తే తెలుస్తాయి. ఆ వారానికి మీకు నడక కూడా అలవాటవుతుంది.

రోగిని నడిపించేటప్పుడు జాగ్రత్తలు

గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు, పక్షవాతం వచ్చినవారు ఎప్పటి నుండి, ఎంతసేపు నడవవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత ఈ విషయాలు గుర్తుంచుకోండి.

పక్షవాతం వచ్చినవారిని నడిపించేటప్పుడు మీరు వారి బలహీనమైన పక్కన, కొంచెం వెనుకగా నిలబడండి. తూలితే అటే తూలుతారు. బలహీనమైన చేతిని పట్టుకుని లాగకండి, భుజం కీలుకు దెబ్బ తగులుతుంది. నడుముకు ఆసరా ఇవ్వండి.

నడుస్తూ మాట్లాడగలగాలి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం ఎక్కువైందని అర్థం. ఛాతీలో నొప్పి లేక బరువు, కళ్ళు తిరగడం, విపరీతంగా చెమటలు పట్టడం జరిగితే వెంటనే ఆగి కూర్చోబెట్టండి. తగ్గకపోతే 108కి ఫోను చేయండి.

షుగరు వ్యాధి ఉన్నవారు ఉత్త కాళ్ళతో నడవకూడదు. పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే రాయి గుచ్చుకున్నా తెలియదు. మడమకు పట్టీ ఉన్న మెత్తని చెప్పులు వేయండి. వేసే ముందు దులపండి, వచ్చిన తర్వాత పాదాలు కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య కూడా చూడండి. ఇన్సులిను తీసుకునేవారు జేబులో పంచదార పొట్లం ఉంచుకోవాలి. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి, తల తిరగడం వస్తే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకుని కూర్చోవాలి. అయితే స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏమీ వేయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

ఎండాకాలంలో మన జిల్లాలలో 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాత నడవండి. మంచినీళ్ళ సీసా వెంట ఉంచుకోండి.

కుక్కను చూసి పరుగెత్తకండి. ఆగి, మెల్లగా పక్కకు తప్పుకోండి. ఒకవేళ కరిస్తే, గాయం చిన్నదైనా సరే, ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వచ్చి టీకా వేయించుకోండి. పసుపు, కారం, సున్నం వంటివి గాయానికి పూయకండి.

రోగి దగ్గర ఉండేవారికి ఒక మాట

ఇప్పటి వరకు రోగి గురించి చెప్పాను. ఇప్పుడు మీ గురించి. వార్డులో బల్ల మీద రాత్రంతా కూర్చుని, తెల్లారేసరికి కాళ్ళు వాచిన తల్లులను, భార్యలను, కోడళ్ళను ప్రతిరోజూ చూస్తాము. ఇంటికి వెళ్ళిన తర్వాత కూడా మీరు గడప దాటరు. నెలలు గడిచేసరికి మీకే బి.పి. మొదలవుతుంది. "నేను నడకకు వెళితే ఈయనను ఎవరు చూస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో ఇంకొకరు ఉన్న సమయం చూసుకుని పది నిమిషాలు వెళ్ళండి. పాల ప్యాకెట్టు తేవడానికి పిల్లవాడిని పంపకుండా మీరే వెళ్ళండి. వెళ్ళిన దారిన కాకుండా వేరే సందులో తిరిగి రండి. ఇక్కడ వార్డులో ఉన్నప్పుడు కూడా, మాకు చెప్పి, ఆసుపత్రి ఆవరణలో ఒక చుట్టు తిరిగి రండి. మంచం మీది మనిషిని అంతసేపు మేము చూసుకుంటాము.

తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒక కబురు తీసుకురండి. మూల మీద కొట్టువాడు ఏమన్నాడో, ఎవరి గోడ మీద బోగన్‌విల్లా పూసిందో, వేప చెట్టు కింద కుక్క ఎన్ని పిల్లలు పెట్టిందో చెప్పండి. మంచం మీద ఉన్నవారికి ప్రపంచం నాలుగు గోడలకు కుదించుకుపోతుంది. మీరు తెచ్చిన కబురుతో అది కొంచెం పెద్దదవుతుంది. "రేపు నేనూ వచ్చి చూస్తాను" అని వారు అన్న రోజున, సగం పని అయినట్టే.

మా మామయ్యగారు ఇప్పుడు చేతికర్రతో రోజూ రెండు పూటలా నడుస్తారు. కుడి చేయి పూర్తిగా రాలేదు. కానీ మా కాలనీలో ఏ సందులో ఏ చెట్టు ఉందో, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, అంబులెన్సు ఎక్కడ ఆగాలో ఆయనను అడిగితే చాలు. పోయిన సంవత్సరం వెనుక సందులో ఒకామెకు రాత్రిపూట గుండెనొప్పి వస్తే, దారి చెప్పడానికి మూల మీద టార్చిలైటు పట్టుకుని నిలబడింది ఆయనే. ఆ రోజు బండి ఎక్కడా ఆగలేదు.

ఈ పుస్తకం మడిచి పక్కన పెట్టి, ఈ సాయంత్రం మీ గేటు దాటండి. నలభై అడుగులు చాలు. ఎదురుగా ఉన్న చెట్టు పేరేమిటో కనుక్కుని రండి.